కుర్మమ్మ చేనులో చెరువు బొగ్గు

తవ్వకాల ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. అటు తిప్పి ఇటు తిప్పి అందరూ ఒకటే అడుగుతారు. "సార్, రేడియో కార్బన్ తేదీని ఎంతవరకు నమ్మొచ్చు?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కాదు, నా మీద. ముప్పై ఏళ్ళకు పైగా నేనూ ఈ ప్రశ్నే పట్టుకుని వేలాడాను. ల్యాబులో మిషను అబద్ధం చెప్పడం నేను దాదాపు చూడలేదు. అబద్ధం చెప్పిన అధికారులను చూశాను. పక్కన నిలబడి తలాడించిన సిబ్బందిని చూశాను. ఆ తలల్లో నాదీ ఒకటి.

ఏ ఏడాది ఏ కుర్చీలో కూర్చున్నానో ఇక్కడ రాయను, అది ఎవరికీ పనికిరాదు. నల్లగొండ, పాలమూరు గుట్టల్లో, చేలల్లో తిరుగుతూ నా సర్వీసంతా గడిచింది. రాకాసి గూళ్ళు, అంటే పాతకాలపు రాతి సమాధులు, తవ్వాను. పాత ఊళ్ళు కూలి మట్టిలో కలిసిపోయిన పాటిగడ్డలు తవ్వాను. వాటిలో చాలా వరకు మరిచిపోయాను. ఒక్క చేను మాత్రం మరిచిపోలేకపోతున్నాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో, మక్తల్ అవతల ఒక పల్లెలో, కుర్మమ్మ అనే ఆమె చేను. ఇదంతా ఆ చేను గురించే.

బొగ్గుకు తెలిసింది ఎంత

ముందు పని సంగతి చెబుతాను. చెట్టయినా, గింజయినా, గొడ్డయినా బతికున్నంత కాలం గాలి నుంచో తిండి నుంచో ఒక రకం కార్బన్‌ను లోపలికి తీసుకుంటూనే ఉంటుంది. చచ్చిన రోజు నుంచి అది కొద్దికొద్దిగా తరుగుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే చచ్చి ఎన్నాళ్ళయిందో తెలుస్తుంది. గాలిలో ఆ కార్బన్ అన్ని కాలాల్లో ఒకే లెక్కన లేదు కాబట్టి, వలయాలు లెక్కపెట్టిన పాత చెట్లతో సరిచూసుకుంటారు. అది గట్టి పద్ధతే. దాన్ని అనుమానించే పని నేను ఎప్పుడో మానేశాను.

కానీ బొగ్గు తను ఎప్పుడు చచ్చిందో చెబుతుందే గానీ ఈ గుంతలోకి ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో చెప్పదు. చెట్టుతో ఇంకో మెలిక ఉంది. కొత్త వలయం ఏటా బెరడు కింద వస్తుంది, నడిమి చేవ ఎప్పుడో పెరగడం ఆపేసి ఉంటుంది. రెండు వందల ఏళ్ళ టేకును నిన్న నరికి పొయ్యిలో పెట్టినా, దాని చేవ బొగ్గు రెండు వందల ఏళ్ళ వయసే చెబుతుంది. అందుకే గింజ దొరికితే గింజనే పంపండి. ఉలవ ఒక్క పంటకాలమే బతుకుతుంది, దానికి దాచుకోవడానికి పాత వయసు ఉండదు.

ఇంకొకటి. ల్యాబు ఎన్నడూ ఒక్క అంకె ఇవ్వదు. 'ఈ ఏడాదికీ ఆ ఏడాదికీ నడుమ ఎక్కడో' అని మర్యాదగా చెబుతుంది. మా ఆఫీసుకు వచ్చేసరికి ఆ 'నడుమ' మాయమవుతుంది. పేపరులోకి ఎక్కేసరికి అందులో పెద్ద అంకె ఒక్కటే మిగులుతుంది. ఈ మాయను చేసేవాళ్ళకు సన్మానాలు కూడా చేస్తారు.

దూలం మీద బెజ్జాలు

కుర్మమ్మ చేనుకు పోకముందే నాకు ఒక పాఠం అందింది. నేర్చుకోలేదు, అది వేరే సంగతి.

నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు వెడల్పు చేస్తూ ఒక పాత దొర గడిని కూల్చారు. దాని నడి దూలం టేకు. మన దగ్గర వేప, తుమ్మ వంటివి వలయాల లెక్కకు సరిగ్గా పనికిరావు, వాన ఇష్టం వచ్చినట్టు పడితే అవీ ఇష్టం వచ్చినట్టు పెరుగుతాయి. టేకు కొంత నయం. తెలిసినవాళ్ళను పిలిపించి వలయాలు చదివించాం. అందరూ అనుకుంటున్న దానికంటే గడి చాలా పాతదని తేలింది. నేను పొంగిపోయి నోట్ రాయబోతుంటే, దూలాన్ని కోయడానికి వచ్చిన వడ్ల రామయ్య దాని పక్కన గొంతుక్కూర్చుని వేలితో తడుముతున్నాడు.

"సారూ, గీ బెజ్జాలు సూడుండ్రి," అన్నాడు. "గిండ్ల ఏ కొయ్యన్న దిగినట్టున్నదా? ఉత్తగ ఉన్నయి."

"అయితే?"

"అయితేందంటరు? గిది గీ ఇంటికి చెక్కిన దూలం గాదు. యాడనో ఇల్లు కూలితె తెచ్చి ఈడ ఎక్కిచ్చిండ్రు. మంచి టేకు దూలాన్ని ఎవడన్న పొయ్యిల పెడ్తడా? మా తాత గిసొంటివి ఎన్ని మార్చిండో."

వలయాల లెక్కలో తప్పు లేదు. చెట్టు ఎప్పుడు పెరిగిందో అది చెప్పింది. ఇల్లు ఎప్పుడు కట్టారో రామయ్య చెప్పాడు. చదువుకున్నవాళ్ళం నలుగురం ఆ దూలం చుట్టూ రెండు రోజులు తిరిగాం, ఒక్కరికీ ఖాళీ బెజ్జం కనబడలేదు. ఆ రోజు రామయ్య మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను, పేరుతో సహా. ఆ అలవాటు ఇంకో ఏడాది నిలిచి ఉంటే ఒక కుటుంబం బాగుపడేది.

గట్టు మీద కూర్చోమన్నాను

కుర్మమ్మకు అప్పుడు నలభై ఏళ్ళు ఉంటాయేమో. మూడెకరాల ఎర్ర చేను, వాన పడితే కంది, జొన్న, లేకపోతే ఏమీ లేదు. మగడు బొంబాయిలో కట్టడం పనికి పోయాడు. ఆ పల్లెలో సగం మంది మగవాళ్ళు అక్కడే ఉంటారు. ఆమె పుట్టింటివాళ్ళ సాయంతో చేనులో పల్లంగా ఉన్న చోట బావి తవ్వించడం మొదలుపెట్టింది. నాలుగు అడుగులు దిగేసరికి నల్లటి, ఎర్రటి పాత పెంకులు, బొగ్గు బయటపడ్డాయి. బడి పంతులు ఎవరికో చెప్పాడు, వాళ్ళు పేపరుకు చెప్పారు, మేం దిగాం. దిగగానే చేసిన మొదటి పని బావి ఆపించడం.

మొదటి రోజే కుర్మమ్మ జొన్నరొట్టె మూట చంకన పెట్టుకుని వచ్చి గుంత అంచున నిలబడింది.

"సారూ, గా గుంత మాదే గని, గండ్ల ఉన్న మట్టి మాది గాదు," అన్నది.

"మరెవలిది?" అన్నాను నవ్వుతూ.

"చెరువుది. ఈడ మొరం గుంత ఉండె. దాన్ని పూడ్వనీకె మా మామ ఏటా ఎండకాలం బండ్ల మీద చెరువు మట్టి తోలిండు. నేను కాపురానికొచ్చినంక గూడ తోలినం."

"సరే అమ్మా, నువ్వు గట్టు మీద కూసో. మట్టి సంగతి మేం సూస్కుంటం."

ఆమె గట్టు మీద కూర్చుంది. కాసేపటికి మళ్ళీ అడిగింది. "బాయి పడితె మా ఇంటాయన వచ్చేస్తనన్నడు సారు. మీ పని ఎన్ని దినాలు పడ్తది?"

"నెల," అన్నాను.

ఈ మాటలు ఇంత బాగా గుర్తున్నాయి. నా నోట్‌బుక్కులోని ఆ రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఎండ ఎలా ఉందో ఉంది. ఎంత మంది కూలీలు వచ్చారో ఉంది. గుంత ఎంత లోతు దిగిందో ఉంది. కుర్మమ్మ లేదు.

మన తెలంగాణలో చెరువు మట్టి చేలకు తోలుకోవడం తెలియని రైతు లేడు. ఎండాకాలం చెరువు ఎండితే ఒండ్రు తవ్వి తెచ్చి చేనుకు బలం చేసుకుంటారు, గుంతలు పూడ్చుకుంటారు. నేను కాపోళ్ళ ఇంట్లో పుట్టాను. మా బాపు కూడా తోలాడు, చిన్నప్పుడు ఆ బండి మీద ఎక్కి తిరిగాను. అయినా ఆమె చెప్పిన మాట నాకు ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదంటే, గుంత గోడలో పొరలు అంత అందంగా ఉన్నాయి. బూడిద రంగు పొర, నల్ల పొర, మళ్ళీ బూడిద రంగు పొర, గీత గీసినట్టు. ఒక్కో పొర ఒక్కో తరం అనుకున్నాను. నిజానికి ఒక్కో పొర కుర్మమ్మ మామ బండి తోలిన ఒక్కో ఎండాకాలం.

మూడు పొట్లాలు

బొగ్గు మూడు చోట్ల తీశాను. పై పొరలో ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి. చెయ్యి తగలకుండా రేకు కాగితంలో చుట్టి, చీటీలు రాసి పంపాను. అందులో ఏ లోపం లేదు. నిజం చెబితే నా జీవితంలో అంత శుభ్రంగా ఎప్పుడూ తీయలేదు.

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. పైది రెండు వేల ఏళ్ళు దాటింది. నడిమిది అంతకన్నా చిన్నది. అడుగుది నాలుగు వందల ఏళ్ళకు అటూ ఇటూ. పైన ముసలిది, కింద పడుచుది. మట్టి తనంతట తాను పేరుకుంటే ఇలా జరగదు, కింద ఉన్నదే పాతదై ఉండాలి. అంటే ఎవరో తవ్వి తెచ్చి పోశారని ఆ మూడు పొట్లాలూ గొంతు చించుకుని చెబుతున్నాయి. ఇంతకంటే స్పష్టంగా ఏ ల్యాబూ చెప్పలేదు.

కాగితం తీసుకుని మా పెద్దసారు గదికి పోయాను. పేరు వద్దు, ఆయన పిల్లలు మంచివాళ్ళు. ఆయన మూడు అంకెలూ చూసి నవ్వాడు.

"కిందిది చిన్నదెట్లయితదయ్యా? ల్యాబు వాళ్ళు పొట్లాలు కలిపేసి ఉంటారు. పైది ఉంచు, మిగతా రెండూ తీసెయ్."

పొట్లాలు కలిసిపోయి ఉంటే పైదాన్ని మాత్రం ఎలా నమ్ముతాం సార్? ఈ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆయన కలం తీసి రెండు వరుసలు కొట్టేశాడు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. నచ్చిన తేదీ వస్తే సైన్సు, నచ్చనిది వస్తే ల్యాబు తప్పు. తేదీల మీద నమ్మకాన్ని చంపింది మిషను కాదు, ఈ కలం.

కొత్త రాష్ట్రం, కొత్త ఉత్సాహం. మన ప్రాంతానికి చరిత్రే లేదన్నట్టు ఎన్నో ఏళ్ళు మాట్లాడారు, పుస్తకాల్లో మనకు రెండు పేజీలు కూడా ఇవ్వలేదు. ఆ కోపం నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ ఒకరు మనల్ని చిన్న చేశారని మనం దొంగ వయసు వేసుకుని పెద్దవాళ్ళం కాలేం. ఆ రోజుల్లో ప్రతి జిల్లాకూ తన ఊరు అందరికంటే పాతదని అనిపించుకోవాలని ఉండేది. చేను పక్కన షామియానా వేశారు, ఫ్లెక్సీ కట్టారు, పెద్దసారు మైకు పట్టుకుని రెండు వేల అయిదు వందల ఏళ్ళ మహానగరం అన్నాడు. ల్యాబు ఇచ్చిన 'నడుమ'లో చిట్టచివరి అంచు అది. నగరం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి. పక్క రోజు చేనులో నీలం రేకు బోర్డు పాతారు. ఇక్కడ తవ్వడం నేరం అని దాని మీద ఉంది. ఆ నివేదిక రాసిన చెయ్యి నాది, కింద సంతకం నాది.

కుర్మమ్మ షామియానా బయట నిలబడి ఉంది. అందరూ పోయాక దగ్గరికి వచ్చింది.

"నెల అన్నరు సారు."

"పైనుంచి ఆర్డరు రావాలమ్మా," అన్నాను.

చిన్న ఉద్యోగికి ఇంతకంటే చేతగాని మాట లేదు. అంత సుఖమైన మాట కూడా లేదు, మన తప్పును మోయడానికి పైన ఎవరో ఉన్నట్టే అనిపిస్తుంది.

బోర్డు లేని చోట

తరువాతి ఎండాకాలం బోర్డు బాగుందో లేదో చూసి రమ్మని పంపారు. చేను బీడు పడి ఉంది. బావి కోసం తవ్విన గుంత చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. ఇంటికి తాళం. పక్క చేను తిమ్మప్ప గట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి.

"కుర్మమ్మనా? బొంబాయి పాయె సారు, ఆయన కాడికే. బాయి పడకపాయె, ఈడుండి ఏం జేస్తది?"

ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ గుంత సంగతే అడిగాను. ఆయన కళ్ళకు కట్టినట్టు చెప్పాడు.

"ఆమె మామ, నేను జోడుగ తోలినం సారు. మొదలు చెరువుల మీది ఒండ్రు తీసినం. ఏటా జర జర లోతుకు పోయినం. ఆఖర్ల పాటిమన్ను తగిలింది, బూడిద లెక్క ఉంటది, చేనుకు మస్తు బలం. గది తెచ్చి పైన పోసినం."

చెరువు పైది గుంత అడుగుకు పోయింది, చెరువు అడుగుది గుంత పైకి వచ్చింది. మూడు పొట్లాలు చెప్పిన కథే అది. తిమ్మప్పకు ల్యాబు అవసరం లేకపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, వచ్చేటప్పుడు చెరువు వైపు ట్రాక్టర్ల చప్పుడు విన్నాను. చెరువు పూడికతీత నడుస్తోంది. పరుగున పోయాను. తవ్వే మిషను చెరువు నడుమ ఒక ఇల్లంత లోతు తవ్వేసింది. ఆ కోత గోడలో ఒండ్రు కింద బూడిద రంగు పాటిమన్ను, అందులో వరుసగా పొయ్యి రాళ్ళు, కుండలు, కాలిన నేల. అసలైన పాత ఊరు అక్కడుంది. దాని మీదే ఎవరో చెరువు కట్టారు. ట్రాలీలు నింపుకుని ఒకదాని వెనుక ఒకటి చేలకు పోతున్నాయి. రైతుల తప్పేమీ లేదు, మంచి మట్టి దొరికిందని సంతోషంగా తోలుకుంటున్నారు.

పని చూస్తున్న మనిషిని ఆపమన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ బోర్డు గక్కడుంది గద సారు. ఈడ లేదు గద."

పెద్దసారుకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు. తరువాత మెల్లగా అన్నాడు. "అక్కడ ఉందంటే ఇక్కడ లేదని ఒప్పుకోవాలి కదయ్యా. మైకులో చెప్పినం. వచ్చెయ్."

నేను రాలేదు. ఆ ఒక్క పని చేశాను. మూడు రోజులు ఆ గోడ ముందే కూర్చుని కొలతలు తీశాను, ఫోటోలు తీశాను. ఒక పొయ్యి పక్కన మాడిన ఉలవలు గుప్పెడు దొరికాయి. నాలుగో రోజుకు గోడ లేదు. ఒక ఊరు ఊరంతా చేలల్లో పలచగా పరుచుకుంది. లేని ఊరికి కాపలాగా కుర్మమ్మ చేనులో బోర్డు నిలబడి ఉంది.

ఉలవలను నాకు పరిచయమున్న ఒక పరిశోధకురాలి ద్వారా పరీక్షకు పంపించాను. రెండు వేల ఏళ్ళు దాటిన వయసే వచ్చింది, పై పొర బొగ్గుతో సరిపోయింది. ల్యాబు మొదటి నుంచీ నిజమే చెప్పింది. నా మొదటి నివేదిక తప్పు అని, చేను వదిలేయాలని, తిమ్మప్ప మాటలతో సహా రెండో నివేదిక రాసి ఇచ్చాను. దాన్ని పెద్దసారు బీరువాలో పెట్టాడు, నన్ను నల్లగొండలో విరిగిన విగ్రహాలకు నంబర్లు వేసే పనికి పంపాడు. నెలనెలా ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆయన రిటైరయ్యాక వచ్చిన అధికారిణి ఆ బీరువా తెరిచి, చదివి, వారంలో బోర్డు పీకించింది. వారం పని. దానికి మొత్తం మూడేళ్ళు పట్టింది.

ఈసారి

నేను కూడా రిటైరయ్యాక ఆ పల్లెకు పోయాను. బోర్డు పీకాక కుర్మమ్మ వాళ్ళు బొంబాయి నుంచి తిరిగొచ్చారని విన్నాను. మొహం చెల్లక చాలా రోజులు వాయిదా వేసిన ప్రయాణం అది.

కుర్మమ్మ ఇంటి ముందు కోళ్ళ గూటికి తలుపుగా నీలం రేకు పెట్టి ఉంది. 'తవ్వడం నేరం' అన్న అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ఆమె మగడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చంక కర్ర. ఇద్దరూ బొంబాయిలో ఉన్న రెండో ఏడు ఆయన పరంజా మీంచి పడ్డాడట. ఎడమ కాలు మోకాలి కింద పని చేయదు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, కుర్మమ్మ పట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కొత్త బావి నీళ్ళే. మేం ఆపించిన చోటు నుంచి ఇంకో ఇరవై అడుగులు దిగితే పడ్డాయట.

నీళ్ళు తాగలేక చెంబు పట్టుకుని కూర్చున్నాను. "తప్పు నాదే కుర్మమ్మా," అన్నాను. "ఆ దినం నువ్వు చెప్పినవ్. నేను ఇనలేదు."

"ఇన్నరు సారు," అన్నది. "రాసుకోలే. నేను గట్టు మీదకెల్లి సూస్తనే ఉన్న. ఎండ సంగతి రాస్తిరి, కూలోళ్ళను లెక్క రాస్తిరి. నా మాటకాడ మీ పెన్ను ఆగింది."

ఆమె మగడు కర్ర సర్దుకున్నాడు.

"బొగ్గుది రెండు వేల ఏండ్లు అని సెప్తిరి," అన్నది కుర్మమ్మ. గొంతు పెంచలేదు. "మావి మూడేండ్లు పోయినయి. గది ఏ మిషన్ల సూస్తరు?"

కొత్తగా చేరేవాళ్ళకు ఇదంతా చెప్పాలని ఉంది, నీ పేరుతో రాయనా అని అడిగాను. ఆమె లేచి కోళ్ళ గూటి రేకు పక్కకు జరిపింది, కోళ్ళను బయటికి వదిలింది. నా జేబులోని పెన్ను వైపు చూసింది.

"రాసుకో సారు," అన్నది. "ఈసారన్న రాసుకో."